ఒక్క పాటతో వారం రోజులు: ప్రభువులో సంతోషం, సంతృప్తి ఎలా నేర్చుకోవాలి?

ఆదివారం ఆరాధనలో ఐదారు పాటలు పాడతాం, చప్పట్లు కొడతాం, ఒక్కోసారి కళ్లమ్మట నీళ్లు కూడా వస్తాయి. సోమవారం పొద్దున్నే రొయ్య రేటు పడిపోయిందని ఫోన్ వస్తుంది, ఆ సంతోషం ఎటు పోయిందో తెలీదు. నాకు చాలా ఏళ్లు ఇలాగే జరిగింది. నాలో విశ్వాసం తక్కువేమో అని బాధపడేవాణ్ని. తర్వాత అర్థమైందేంటంటే, పాటలు బోలెడు పాడుతున్నాను గానీ ఏ ఒక్క పాట దగ్గరా కాసేపు కూర్చోవడం లేదు.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు, తాను ఏ స్థితిలో ఉన్నా ఆ స్థితిలో సంతృప్తి కలిగి ఉండడం "నేర్చుకొనియున్నాను" అంటాడు. ఆ మాట రాసేనాటికి ఆయన బంధకాల్లో, అంటే ఖైదులో ఉన్నాడు. నేర్చుకున్నాను అన్నాడంటే పౌలు గారికి కూడా అది ఊరికే రాలేదన్నమాట. మనమూ నేర్చుకోవచ్చు. నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను, పెద్ద కష్టమేమీ లేదు, రోజుకు పావుగంట చాలు.

1. ఒకే పాట ఎంచుకోండి

కొత్త పాట కాదు, నోటికి వచ్చిన పాట. దాని వెనక స్పష్టంగా ఒక బైబిల్ వాక్యం ఉంటే ఇంకా మంచిది. ఇంట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటే అందులోంచి తీసుకోండి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) రాసిన కీర్తనల్లాంటివి ఒక్కోటి నెల రోజులు నమిలినా తరగవు.

ఇక్కడ ఉదాహరణకు నేను ఒక ఇంగ్లీషు పాట తీసుకుంటాను, చాలా సంఘాల్లో తెలిసినదే: ‘గ్రేట్ ఈజ్ దై ఫెయిత్‌ఫుల్‌నెస్’. 1923లో అమెరికాలో థామస్ చిజమ్ అనే ఆయన రాశారు, విలియం రన్యన్ బాణీ కట్టారు. చాలా పాటల వెనక ఓడ మునిగిందనో బిడ్డలు చనిపోయారనో ఒక పెద్ద కథ ఉంటుంది. దీని వెనక అలాంటిదేమీ లేదు. చిజమ్ కొద్దికాలం పాస్టర్‌గా చేసి, ఆరోగ్యం బాగోక మానేసి, ఇన్సూరెన్స్ పని చేసుకుంటూ బతికిన మామూలు మనిషి. అందుకే నాకు ఈ పాటంటే ఇష్టం. మన జీవితాల్లోనూ ఎక్కువ రోజులు పెద్ద కథలేమీ లేని రోజులే కదా, సంతృప్తి కావాల్సింది ఆ రోజుల్లోనే.

2. రాగం లేకుండా చదవండి

మొదటి రోజు పాడొద్దు. పాటను ఉత్తరం చదివినట్టు నెమ్మదిగా, పైకి చదవండి. రాగం ఉంటే నోరు దానంతటది పాడుకుంటూ పోతుంది, మాట మీద మనసు నిలవదు. ఇలా చదివినప్పుడే ఒక మాట దగ్గర మీరు ఆగిపోతారు. ఆ మాట కింద గీత గీయండి.

3. పాట వెనక ఉన్న వాక్యం దగ్గరికి వెళ్లండి

ఈ పాటకు ఆధారం విలాపవాక్యములు మూడో అధ్యాయం, 22, 23 వచనాలు: "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది, నీవు ఎంతైన నమ్మదగినవాడవు." ఆ రెండు వచనాలే చదివి ఆపకండి, దయచేసి మొత్తం పుస్తకం చదవండి, ఐదు అధ్యాయాలే. యెరూషలేము పాడైపోయింది, వీధుల్లో పిల్లలు ఆకలికి సొమ్మసిల్లుతున్నారు, ఆ ఏడుపు మధ్యలో సరిగ్గా మూడో అధ్యాయంలో ఈ మాట వస్తుంది. దాని తర్వాత ఏడుపు ఆగిపోలేదు. నాలుగో అధ్యాయంలోనూ ఐదో అధ్యాయంలోనూ మళ్లీ కన్నీళ్లే. నన్ను బాగా ధైర్యపరిచిన సంగతి ఇది. దేవుడు నమ్మదగినవాడని చెప్పిన నోటితోనే మరుసటి రోజు ఏడిస్తే అది అవిశ్వాసం కాదు.

4. చరణంలో మీ ఊరిని, మీ లెక్కల్ని పెట్టండి

అసలు పని ఇదే, ఎక్కువ రోజులు దీనికే కేటాయించండి.

రెండో చరణంలో వేసవి, శీతాకాలం, వసంతం, కోతకాలం వస్తాయి. మనకు అవి ఎలా ఉంటాయో రాసుకోండి. మన గోదావరి డెల్టాలో సార్వా (వానాకాలపు వరి), దాళ్వా (ఎండాకాలపు వరి). వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేస్తే అడుగున మట్టి బీటలు తేలి, ఇక ఇందులో నీళ్లు పారతాయా అన్నట్టు ఉంటుంది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్లు వదిలాక అదే కాలువ గట్టు మీద కూర్చుని పిల్లలు కాళ్లు తడుపుకుంటారు. ఆనకట్ట కట్టి 170 ఏళ్లు దాటింది, కాలువకు నీళ్లొస్తాయని నమ్మి నారుమడి దున్నుతున్నాం. ఒక్కో ఏడు ఆలస్యమైనా నమ్ముతూనే ఉన్నాం. ఆ కాలువ మీద పెట్టిన నమ్మకంలో సగమైనా దాన్నీ నదినీ కూడా చేతిలో ఉంచుకున్నవాడి మీద పెడుతున్నానా అని నన్ను నేనే అడిగాను.

ఇక పల్లవిలో ఒక మాట ఉంది, నాకు అవసరమైనదంతా నీ చెయ్యే ఇచ్చింది అని. ఆ మాట నేను పాడలేకపోయిన వారం ఒకటి ఉంది. లీజుకు తీసుకున్న రొయ్యల చెరువులో వైట్‌స్పాట్ అనే జబ్బు వచ్చింది, పొద్దున్నే వెళ్లి చూస్తే గట్టు వెంబడి రొయ్య తేలి ఉంది, యాభై రోజుల మేత ఖర్చు, కరెంటు బిల్లు, అప్పు అన్నీ అందులోనే. ఆ వారం నోట్‌బుక్కులో "నాకు అవసరమైనది" అని పైన రాసి, కింద ఏమీ రాయలేక రెండు రోజులు ఖాళీగా వదిలేశాను. మూడో రోజు ‘బియ్యం ఉన్నాయి’ అని రాశాను. నాలుగో రోజు ‘పక్క చెరువాయన వచ్చి గంటసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు’ అని. ఐదో రోజు ‘రాత్రి నిద్ర పట్టింది’ అని. అప్పు అలాగే ఉంది, అది తీరడానికి చాలా కాలం పట్టింది. కానీ ఆ పాటలో ఉన్నది ‘అవసరమైనది’ అనే మాట అని, నేను ఇన్నాళ్లూ దాన్ని ‘ఆశించినది’ అని పాడుకుంటున్నానని ఆ పేజీ చూశాకే తెలిసింది.

మీరూ ఇలాగే రాయండి. అందంగా రాయాలని చూడొద్దు. రోజుకు ఒక్క లైను, నిజమైనది. రాయడానికేమీ లేకపోతే ఖాళీగా వదిలేయండి, లేని కృతజ్ఞత రాయొద్దు.

5. పల్లవికి తిరిగి రావడం అలవాటు చేసుకోండి

మన కీర్తనల్లో చరణం ఏదైనా, చివర మళ్లీ పల్లవి అందుకోవాల్సిందే. ఒక చరణం సిలువ గురించి, ఒకటి పాపం గురించి, ఒకటి మరణం గురించి ఉంటుంది, పల్లవి మాత్రం మారదు. రోజును కూడా ఇలా పాడొచ్చు. బ్యాంకులో లైన్లో నిలబడి టెన్షన్ పడుతున్నారు, అది ఒక చరణం. మనసులో పల్లవి ఒకసారి అనుకోండి. అమ్మాయికి మంచి మార్కులు వచ్చాయి, అదీ చరణమే, మళ్లీ పల్లవి. సంతోషం వచ్చినప్పుడు కూడా తప్పకుండా తిరిగి రండి, ఎందుకంటే బాధలో దేవుడి దగ్గరికి పరిగెత్తడం మనకు తెలుసు గానీ పంట చేతికొచ్చిన రోజే మర్చిపోతాం. నేనైతే రోజుకు మూడు సార్లు పెట్టుకున్నాను: లేవగానే, చెరువు దగ్గర మేత వేశాక, పడుకునేముందు.

6. వారం చివర ఇంట్లో కలిసి పాడండి

శనివారం రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ పాట ఇప్పుడు రాగంతో పాడండి. పాడేముందు ఒక్కొక్కరూ తాము ఆగిన మాట ఏదో చెప్పాలి, పిల్లలతో సహా. ప్రసంగాలు వద్దు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. సంతృప్తి అంటే కష్టం బయటకు చెప్పుకోకూడదని కాదు. పౌలు అదే అధ్యాయంలో ఫిలిప్పీ సంఘం తనకు పంపిన సాయాన్ని తలుచుకుని మెచ్చుకుంటాడు, కాబట్టి అవసరంలో ఉంటే సంఘంలో చెప్పండి. అలాగే వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలనిపించకపోతే వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్లండి, పాటనూ వెంట తీసుకెళ్లండి.

ఎవరింట్లోనైనా దుఃఖం ఉంటే మాత్రం వాళ్లకు ఈ పద్ధతి చెప్పొద్దు. వెళ్లి పక్కన కూర్చోండి. వాళ్లు పాడమంటే, మీరు ఆ వారం నమిలిన పాటలో పల్లవి ఒక్కటే మెల్లగా పాడండి.