రోటవేటర్ షాఫ్ట్ టక్కుమంటోందా? లూజు ఎక్కడుందో ముందు పట్టుకోండి

పాత మినీ ట్రాక్టర్‌కు రోటవేటర్ తగిలించి, పీటీఓ (ఇంజన్ తిప్పుడును వెనక పనిముట్టుకు అందించేది) వేసి క్లచ్ వదలగానే వెనక "టక్" మంటుంది. వానాకాలం దుక్కులు దగ్గరపడితే నర్సంపేట, పరకాల వైపు వెల్డింగ్ షాపుల్లో "అన్నా, జర ఈడ రెండు టాకాలు పెట్టియ్యి" అనే మాట మామూలే. టాకా పెడితే చప్పుడు ఆగుతుంది, నిజమే. కానీ రోటవేటర్ ఎత్తినప్పుడు, దించినప్పుడు, దాన్ని ట్రాక్టర్‌కు కలిపే షాఫ్ట్ పొడవు మారాలి. ఆ జారే చోట టాకా పడితే ఆ తోపుడంతా ట్రాక్టర్ గేర్‌బాక్స్ బేరింగు మీదికి పోతుంది. కొన్ని వందలతో పోయేది వేలకు తెస్తుంది.

ముందు రోటవేటర్‌ను నేల మీదికి దించి, ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. బండి న్యూట్రల్‌లో, పీటీఓ లివర్ మాత్రం గేరులో ఉండాలి. ట్రాక్టర్ నుంచి బయటికొచ్చే ఇరుసు మీద, దానికి తగిలించిన యోక్ (రెండు చెవులున్న షాఫ్ట్ చివరి ముక్క) మీద కలిసేలా చాక్‌పీస్‌తో ఒకే గీత గీయండి. ఇప్పుడు షాఫ్ట్‌ను రెండు చేతులతో అటూ ఇటూ తిప్పండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే స్ప్లైన్ పళ్లు (ఇరుసు, యోక్ ఒకదాన్నొకటి పట్టుకునే పళ్లు) అరిగినట్టు. గీత కదలకుండా క్రాస్ (రెండు యోక్‌లను కలిపే నాలుగు కాళ్ల ముక్క, ఒక్కో కాలికి ఒక బేరింగు క్యాపు ఉంటుంది) దగ్గర ఆడితే ఆ బేరింగు పోయినట్టు. కొద్దిపాటి ఆట కొత్త షాఫ్ట్‌కు కూడా ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

క్లచ్ వదలగానే ఒకసారి టక్‌మని, తర్వాత చప్పుడు లేదు

ఇది స్ప్లైన్ అరుగుదల. చాలా ట్రాక్టర్లకు ఈ ఇరుసు 35 మిల్లీమీటర్ల లావుతో, 6 పళ్లతో ఉంటుంది. 540 ఆర్‌పీఎం దీని వేగం. యోక్ ఊడదీసి ఇరుసు పళ్ల అంచు చూడండి. పైభాగం చదునుగా ఉంటే ఇరుసు బాగున్నట్టే, యోక్ మారిస్తే చాలు. కత్తి మొనలా సన్నబడితే ఇరుసే మార్చాలి. అరిగిన ఇరుసుకు కొత్త యోక్ వేస్తే ఆ ఇరుసు దాన్నీ తినేస్తుంది. పాత మోడల్‌కు ఇరుసు దొరక్కపోతే లేత్ మీద చేయించవచ్చు. కానీ ఈఎన్-8 లాంటి గట్టి రాడ్‌తో చేసి హార్డెనింగ్ (వేడిచేసి గట్టిపరచడం) పెట్టిస్తేనే చేయించండి. మెత్తటి ఇనుముతో చేసింది నల్లరేగడిలో ఎక్కువ కాలం ఆగదు. ఇరుసు మార్చేటప్పుడే ఆయిల్ సీలు కూడా కొత్తది వేసెయ్యండి.

కిర్రుమనే చప్పుడు, క్యాపుల చుట్టూ ఎర్రటి పొడి

ఎక్కువగా వచ్చేది ఇదే. ఆ ఎర్రటి పొడి తుప్పు. లోపల గ్రీజు ఎండిపోయి, క్యాపుల్లోని సూదుల్లాంటి రోలర్లు క్రాస్ మీద గాట్లు పెట్టేశాయి. ఇప్పుడు గ్రీజు కొట్టినా లాభం లేదు, క్రాస్ కిట్ మార్చాల్సిందే. షాపుకు పాత క్రాస్ తీసుకెళ్లండి. ట్రాక్టర్ పేరు చెప్పి తెచ్చుకుంటే క్యాపు లావు సరిపోకపోవచ్చు. ఎందుకంటే షాఫ్ట్ ఒక్కోసారి రోటవేటర్ కంపెనీదో, మార్కెట్లో కొన్నదో అయి ఉంటుంది.

సర్‌క్లిప్పులు (క్యాపులు బయటికి రాకుండా ఆపే రింగులు) తీసి, వైస్‌లో పెట్టి, క్యాపులను సాకెట్‌తో నొక్కి బయటికి తీయాలి. కొత్తవి ఎక్కించేటప్పుడు లోపల గ్రీజు పూస్తే సూదులు నిలబడతాయి. సర్‌క్లిప్ గాడిలో కూర్చోవట్లేదంటే లోపల ఒక సూది అడ్డంగా పడి ఉంటుంది. సుత్తితో కొట్టకుండా క్యాపు వెనక్కి తీసి సరిచేయండి. కొత్త క్యాపు చేతితోనే దూరిపోతోందా? అంటే యోక్ చెవుల రంధ్రం పెద్దదైంది. చుట్టూ పంచ్‌తో గుచ్చి బిగించడం మనవాళ్లకు అలవాటు గానీ, అది నాలుగు ఎకరాలు దున్నేలోపే మళ్లీ వదులవుతుంది. యోక్ మార్చండి.

షాఫ్ట్ విప్పి మళ్లీ వేశాక బండి మొత్తం అదురుతోంది

చతురస్రపు రాడ్, గొట్టం ఉన్న షాఫ్టుల్లో ఈ పొరపాటు జరుగుతుంది. రాడ్‌ను పావు మలుపు తప్పుగా తిప్పి దూర్చినా అది గొట్టంలోకి దూరిపోతుంది. రెండు చివరల లోపలి యోక్‌లు ఒకే వరుసలో ఉండాలి. లాగి, తిప్పి, మళ్లీ దూర్చండి. రూపాయి ఖర్చు లేదు. పని చేసేటప్పుడు లోపలి రాడ్ గొట్టంలో కనీసం మూడో వంతు మిగిలి ఉండేలా కూడా చూసుకోండి.

గట్టు దగ్గర తిప్పేటప్పుడే చప్పుడు

అప్పుడు షాఫ్ట్‌ది తప్పు కాదు. రోటవేటర్ పైకెత్తి, పీటీఓ ఆపకుండా తిప్పుతుంటే క్రాస్ వంపు మితిమీరుతుంది. ఎత్తే ముందు పీటీఓ ఆపండి, లిఫ్ట్ ఎత్తుకు హద్దు పెట్టుకోండి.

ఇంకొకటి. యోక్‌ను ఇరుసు మీద పట్టి ఉంచే లాక్ పిన్ మట్టిపట్టి పనిచేయకపోతే డీజిల్‌తో కడిగి స్ప్రింగ్ మార్చాలి గానీ, పొడుగు బోల్టు దూర్చకూడదు. తిరిగే షాఫ్ట్ మీద పొడుచుకొచ్చిన ఆ బోల్టుకు తువ్వాలో లుంగీ అంచో తగిలితే మనిషినే లాగేస్తుంది. ప్లాస్టిక్ గార్డు పగిలితే కొత్తది వేయించండి, తీసి పక్కన పెట్టకండి.

మరమ్మతు అయ్యాక అరగంట దున్ని, ఇంజన్ ఆపి, షాఫ్ట్ పూర్తిగా ఆగాక ఒక్కో క్రాస్‌కున్న నాలుగు క్యాపుల మీదా చెయ్యి పెట్టండి. అన్నీ గోరువెచ్చగా ఉంటే సరే. ఒక్కటే చురుక్కుమంటే దానికి గ్రీజు అందట్లేదు; నిప్పల్ (గ్రీజు కొట్టే మూతి) మూసుకుపోయిందేమో చూసి, తర్వాత నుంచి 8 గంటల పనికి ఒకసారి గ్రీజు కొట్టండి.