చెత్త బండి మీ వీధికి రావట్లేదా? ముందు ట్రక్కు ఎక్కడ నిండిపోతోందో చూడండి

మా కోనసీమ పంచాయతీల్లో చెత్త బండి పేచీలు చాలా చూశాను. ఎవరొచ్చినా మొదట చెప్పేది ఒకటే, "బండి రావట్లేదండి, కంప్లయింట్ రాసిపెట్టండి". పక్క వీధికి వస్తోందా అని అడిగితే సగం మందికి తెలియదు. దయచేసి ముందు అది కనుక్కోండి. అది తెలిస్తే సగం పని అయినట్టే.

ఊరు మొత్తానికి రాకపోతే బండి రిపేరులో ఉంది, లేదా గ్రీన్ అంబాసిడర్లకి (ఇంటింటికీ చెత్త ఎత్తే పంచాయతీ కార్మికులకి) జీతాలు ఆగాయి. పంచాయతీ ఆఫీసులో ఒక్క మాట అడిగితే తెలిసిపోతుంది.

కాలువ గట్టు మీద ఇళ్లకి మాత్రమే రాకపోతే ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. మన డెల్టాలో కాలువే రెండు పంచాయతీలకి సరిహద్దు అయిన చోట్లు ఉన్నాయి. పన్ను ఒక ఊరికి కట్టి, వంతెన అవతలి ఊరి కార్యదర్శితో నెలల తరబడి గొడవపడ్డ వాళ్లని చూశాను.

బండి వచ్చి కూడా మీ బుట్ట వదిలేసి వెళ్తోందంటే తడి, పొడి కలిపి ఇస్తున్నారు. ఊరి చెత్తతో ఎరువు చేసే సంపద కేంద్రంలో వానపాముల తొట్టిలోకి పాలప్యాకెట్టు వెళ్తే ఎరువు పాడవుతుంది, వాళ్లు చేతులతో ఏరాలి. డయపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి వేరుగా ఇవ్వండి. ఇక్కడ మార్చుకోవాల్సింది మనమే.

ఇక అసలు తలనొప్పి. వారంలో నాలుగు రోజులు వస్తుంది, రెండు మూడు రోజులు రాదు, ఏ రోజు రాదో ముందు తెలియదు, అది కూడా ఊరి చివరి వీధులకే. మా వీధిది ఇదే పరిస్థితి. డ్రైవరు ఎగ్గొడుతున్నాడని మూడు నెలలు ఆయన మీద పడ్డాం, చివరికి మార్పించాం. కొత్తాయన వచ్చాక కూడా అంతే. లాగ్‌బుక్ చూస్తే రోజూ ట్రిప్పు రాసి ఉంది, డీజిల్ బిల్లు దానికి సరిపోతోంది. పంచాయతీ ఖర్చులు పెట్టే ఈ-గ్రామ స్వరాజ్ వెబ్‌సైట్లో వోచర్లు తీశాం, అవీ సరిగ్గానే ఉన్నాయి. డబ్బు ఎక్కడా పోలేదు, చెత్త మాత్రం మా గుమ్మాల్లోనే ఉండిపోతోంది.

అప్పుడు రెండు రోజులు స్కూటీ మీద బండి వెనకే తిరిగాను. బండి సెంటర్లో మొదలవుతుంది. అక్కడ కొబ్బరి బొండాల బండ్లు మూడు, పక్కనే కల్యాణ మండపం. ముందురోజు ముహూర్తం. ఖాళీ బొండాలు, అరటి బోదెలు, ఎంగిలాకుల మూటలు ఎక్కించేసరికే ట్రక్కు ముప్పాతిక నిండిపోయింది. బొండం బరువు తక్కువే గానీ చోటు చాలా తింటుంది, మధ్యలో అంతా గాలే. గ్రీన్ అంబాసిడర్ పైకెక్కి కాలితో తొక్కుతోంది, అవి అణగట్లేదు. మా వీధికి మూడు వీధుల ముందే బండి వెనక్కి తిరిగింది. డ్రైవర్ని ఆపి అడిగితే, "ట్రక్కు నిండిపోయిందండి, ఇంకో ట్రిప్పు ఏస్తే డీజిలు ఎవరిస్తారండి?" అన్నాడు. ఆ మాటలో తప్పేముంది? పాతాయన్ని అన్యాయంగా తీయించామని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అంటే పుస్తకంలో లెక్కపెట్టేది ట్రిప్పుని, వీధుల్ని కాదు. ట్రిప్పు వేశారు కాబట్టి ఖర్చు సరైనదే, ఆడిట్‌లోనూ ఏమీ దొరకదు. పంచాయతీలకి కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం 2021-26 గ్రాంట్లలో 60 శాతాన్ని పారిశుద్ధ్యానికి, తాగునీటికే కట్టేశారు. అంత డబ్బుకి లెక్క అడిగేటప్పుడు "ఎంత ఖర్చయింది" దగ్గర ఆగిపోకండి, "బండి చివరిగా ఆగిన వీధి ఏది" అని కూడా అడగండి. ముహూర్తాల్లో, ఎండాకాలంలో బండి ఎక్కువగా తప్పుతోందంటే దాదాపుగా ఇదే కారణం. క్యాలెండరు మీద బండి రాని రోజులు టిక్కు పెట్టి, పంచాంగంతో సరిచూడండి.

పరిష్కారానికి పెద్ద ఖర్చు లేదు. ఒక రోజు సెంటర్ నుంచి, మర్నాడు ఊరి చివరి నుంచి బండి మొదలుపెట్టమనండి. దీనికి పైసా అక్కర్లేదు, మాకు సగం సమస్య తీరింది దీంతోనే. బొండాలకి, మండపానికి మధ్యాహ్నం వేరే ట్రిప్పు వేయించి, ఆ డీజిల్ వాళ్ల దగ్గరే వసూలు చేయాలని గ్రామసభలో తీర్మానం పెట్టించండి. మొహమాటపడకండి. లైసెన్సు లేని చోట 100 మందికి మించి జనంతో కార్యక్రమం పెట్టుకుంటే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకి చెప్పాలని, చెత్త అక్కడే వేరు చేయించాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే పెట్టారు. ఎండు కొబ్బరి డొక్కలైతే పీచు తీసేవాళ్లని అడిగి చూడండి, వాటిని ట్రక్కు ఎక్కించాల్సిన పని ఉండదు.

మా వార్డంటే రాజకీయంగా పడదు కాబట్టే రానివ్వట్లేదు అనేవాళ్లు ఉంటారు. ఉండొచ్చు, నాకు తగిలింది చాలా తక్కువ. పైవన్నీ చూశాక ఆలోచించండి.

లాగ్‌బుక్ చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, గడువు 30 రోజులు. కాపీలే కాదు, రికార్డు స్వయంగా చూసే హక్కు కూడా ఉంది, అదే అడగండి. "మా వీధికి ఎందుకు రావట్లేదు" అని రాస్తే జవాబు రాదు. ఫలానా నెల లాగ్‌బుక్ పేజీలు, డీజిల్ బిల్లులు, బండి తిరగాల్సిన వీధుల జాబితా అని రాయండి.

మేమైతే లాగ్‌బుక్‌లో ట్రిప్పు పక్కన "చివరి వీధి" అని ఒక గడి గీయించాం, దాని పక్కన ఆ వీధి వాళ్లెవరైనా ఒకరు సంతకం పెడతారు. మీ ఊళ్లో ఆ గడి రెండు వారాలు ఖాళీగా కనిపిస్తే, ఆ పేజీలు జిరాక్స్ తీసుకుని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమానికి వెళ్లండి.