పనిచోట మనిషి పలకాలంటే

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీనో, కమీషన్ దుకాణాన్నో, పాతిక ముప్ఫై మంది పనిచేసే మరే సంస్థనో నడిపేవారి కోసం ఇది రాస్తున్నాను. ఇలాంటి చోట్ల పని సాగుతూనే ఉంటుంది, జీతాలు అందుతూనే ఉంటాయి, అయినా షావుకారు లోపలికి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయి, ఆయన బండి గేటు దాటగానే మళ్లీ మొదలవుతాయి. ఆ నిశ్శబ్దాన్ని క్రమశిక్షణ అనుకుని చాలామంది మురిసిపోతారు. నేనూ కొన్నేళ్లు మురిసిపోయాను.

ఒక సీజనులో మా గుమాస్తా రెండు లాట్ల నంబర్లను తారుమారుగా రాశాడు. మర్నాటికే ఆ తప్పు అతనికీ, ముఠా మేస్త్రీకీ తెలిసింది. నాకు మాత్రం తొమ్మిదో రోజున, తేజ రకం మిర్చి కోసం వచ్చిన కొనుగోలుదారు ఎదుట వేరే రకం టిక్కీ (మిర్చి బస్తా) విప్పినప్పుడు తెలిసింది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, "కిందటి నెల తూకంలో తేడా వచ్చిందని చెప్పినప్పుడు మీరు అన్న మాటలు గుర్తొచ్చాయండీ" అన్నాడు. ఆ మాటలు నాకు గుర్తే లేవు.

తర్వాతి కాలంలో హార్వర్డ్ ఆచార్యురాలైన ఎమీ ఎడ్మండ్సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందులు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించగా, చక్కగా కలిసి పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు కనిపించింది. ఆ బృందాలు ఎక్కువ తప్పులు చేయడం లేదనీ, జరిగిన తప్పులను దాచకుండా చెప్పుకుంటున్నాయనీ ఆమె గ్రహించారు. మన దగ్గరా కొలత ఇదే: చెడు వార్త యజమాని చెవికి చేరడానికి ఎన్ని రోజులు పడుతోందో చూసుకోండి.

కాబట్టి ముందుగా దిద్దుకోవలసింది చెడు వార్త విన్న తొలి నిమిషాన్నే. ఎవరైనా తప్పు చెప్పుకోవడానికి వచ్చినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట "చెప్పి మంచి పని చేశావు" అనే అర్థంలో ఉండాలి, రెండో మాట "ఇప్పుడు ఏం చేద్దాం?" అని ఉండాలి, ఎవరు చేశారన్న విచారణ సరుకు చక్కబడ్డాకే మొదలవ్వాలి. కోపం ఆగకపోతే మంచినీళ్లు తాగే నెపంతో రెండు నిమిషాలు పక్కకు వెళ్లండి. నలుగురిలో కసురుకుంటే, క్షమాపణ కూడా ఆ నలుగురి ముందే చెప్పాలి. గదిలోకి పిలిచి చాటుగా చెప్పే క్షమాపణకు విలువ సగమే.

రెండోది, రోజూ పొద్దున పది నిమిషాలు కాటా దగ్గర నిలబడండి. ఫోను జేబులోనే ఉండాలి. "అంతా బాగానే ఉందా?" అని అడిగితే "ఆఁ, బాగానే ఉందండీ" అన్న జవాబే వస్తుంది కనుక, "నిన్న ఏ పని దగ్గర ఎక్కువసేపు ఆగిపోయారు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకోండి. ఆ ఊరుకోవడమే కష్టం. మా దగ్గర ఒక పెద్దాయన, నేను "చెప్పు బాబాయ్" అని మూడు రోజులు నిలబడితేగాని నోరు విప్పలేదు. విప్పాక చెప్పింది ఒక్కటే, బయట 40 డిగ్రీలు దాటిన ఎండలో టిక్కీ మోసి, చెమటతోనే చలిగదిలోకి వెళ్లవలసి వస్తోందని. తలుపు పక్కన నాలుగు రేకులు వేయించి, ఒక బల్ల, పొడి తువాళ్లు పెట్టించాం. అదేమంత ఖర్చు కాదు, కానీ అది అక్కర అన్న సంగతి నా కుర్చీలో కూర్చుంటే ఏనాటికీ తెలిసేది కాదు.

భోజనం విషయంలో ఒక హెచ్చరిక. అందరితో కలిసి తినమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు గానీ, షావుకారు రోజూ వచ్చి పక్కన కూర్చుంటే వాళ్లకు మిగిలిన ఆ అరగంట స్వేచ్ఛ కూడా పోతుంది. పదిహేను రోజులకోసారి, వాళ్లు పిలిచినప్పుడు మీ క్యారియరు పట్టుకుని వెళ్లండి. వాళ్లు పెట్టిన పచ్చడి వద్దనకండి.

పుట్టినరోజు కేకులు, గోడమీద సూక్తుల గురించి నేనేమీ చెప్పను. కూలి డబ్బు చెప్పిన రోజున అందని చోట అవన్నీ వేళాకోళంగానే కనిపిస్తాయి.

చివరి పని, యార్డుకు వేసవి సెలవులిచ్చే రోజుల్లో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, వచ్చే సీజనుకు ఏం మారిస్తే పని తేలికవుతుందో అడిగి, వాళ్లు చెప్పినట్టే కాగితం మీద రాసుకోవడం. చేయగలిగినవి సంక్రాంతిలోగా చేయండి, చేయలేనివి ఎందుకు చేయలేరో ఆ మనిషికే చెప్పండి. మా కాగితంలో కిందటేడు మొదటి పేరు ఆ గుమాస్తాది. లాట్ నంబరు ఇద్దరు వేర్వేరుగా రాసి సరిచూసుకోవాలని అతనే రాయించాడు.