అమెరికా నుంచి వచ్చి ఇండియాలో పిల్లల్ని దత్తత తీసుకునే ముందు

- ముందు దత్తత, తర్వాత వీసా అనుకోకండి. అక్క కూతురే అయినా సరే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పత్రం రాయించేసుకుంటే పని అక్కడే చిక్కుపడుతుంది. రెండు దేశాలూ హేగ్ ఒప్పందంలో (దేశాల మధ్య దత్తతకు నియమాలు పెట్టిన ఒప్పందం) ఉన్నాయి కాబట్టి ముందు ఐ-800ఏ (దత్తతకు మీరు తగినవాళ్లని తేల్చుకునే అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తు), తర్వాత ఐ-800కి (ఫలానా బిడ్డ కోసం వేసే దరఖాస్తు) తాత్కాలిక ఆమోదం, ఆ తర్వాతే దత్తత. వరస తప్పితే చాలామందికి మిగిలేది బిడ్డతో రెండేళ్లు కలిసి ఉండి చూపించే దారే. ఊళ్లో పెద్దమనుషులకు ఇది చెప్పినా ఎక్కదు, మీరే గట్టిగా నిలబడాలి.

- ఐ-800ఏ వేయాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. గ్రీన్‌కార్డు చాలదు.

- పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పెళ్లి సర్టిఫికెట్‌లో ఒట్టి అక్షరం. మన వాళ్లందరి ఇళ్లలోనూ ఉండే గొడవే, ముందే సరిచేయించండి.

- వయసు లెక్క చూసుకోండి. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతులిద్దరి వయసూ కలిపి 85 దాటకూడదు.

- బిడ్డ మెడికల్ రిపోర్టు ఒప్పుకోకముందే మీ పిల్లల డాక్టరుకు చూపించండి. ఫొటో చూశాక మనసు ఆగదు.

- దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’తో సంబంధం లేకుండా ఆసుపత్రి నుంచి నేరుగా ఇప్పిస్తామనేవాళ్లకు డబ్బు కట్టొద్దు. అది నేరం.

- నాలుగైదేళ్ల పాపైతే ఆమె మాట్లాడే భాషలో ‘ఆకలి’, ‘నొప్పి’, ‘భయం’ నేర్చుకుని వెళ్లండి. పాప ఉన్న ఆశ్రమంలో కప్పుకున్న దుప్పటి ఇస్తే ఉతక్కుండానే తెచ్చుకోండి, మొదటి రాత్రులు ఆ వాసనకే నిద్రపోతుంది.

- బిడ్డతో అమెరికా వచ్చాక రెండేళ్లు, బిడ్డ ఎలా ఉందో చెప్పే ఫాలోఅప్ రిపోర్టులు పంపాలి.