పిట్ట ఫోటోలో పిట్టే కనబడాలంటే క్రాప్, ఎడిట్ ఎలా చేయాలి?

హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువు దగ్గర తీసిన ఫ్లెమింగో ఫోటోలు చూడండి, చాలా వాటిలో గొడవ ఒక్కటే, పిట్టలు చిన్నగా, వెనకాల అపార్ట్‌మెంట్లు పెద్దగా. అప్పుడు అందరూ ఏం చేస్తారంటే సాచురేషన్ (రంగుల గాఢత) పట్టుకుని కుడివైపుకి లాగేస్తారు, పిట్ట గులాబీ రంగుకి తిరుగుతుంది నిజమే, కానీ నీళ్లు, ఆకాశం, గట్టు మీద గడ్డి అన్నీ దాంతోపాటే రంగెక్కిపోతాయి, పిట్ట మళ్లీ అందులోనే కలిసిపోతుంది. నేను చెప్పేది దీనికి ఉల్టా. పిట్టని వీలైనంత తక్కువ ముట్టుకోండి, పనంతా దాని చుట్టూ చేయండి.

ఫోన్‌లో అయితే స్నాప్‌సీడ్ అనే ఎడిటింగ్ యాప్ చాలు, ఫ్రీ కూడా. లాప్‌టాప్ ఉంటే లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్. కెమెరాలో రా ఫైల్ (కెమెరా చూసినదంతా కుదించకుండా దాచే ఫైల్) తీసి ఉంటే దాని మీదే పని చేయండి, జేపెగ్‌లో వెలుగు నీడలు అంతగా సాగవు.

ముందు ఫోటో వంకర తీయండి. చెరువు ఫోటోల్లో అవతలి గట్టు ఏటవాలుగా ఉంటే చూసేవాళ్ల కన్ను పిట్ట మీదికి పోనే పోదు. తిప్పినప్పుడు మూలలు కొంచెం కట్ అవుతాయి కాబట్టి ఈ పని అయ్యాకే క్రాప్‌కి రండి.

ఇప్పుడు క్రాప్. ఇక్కడ కొంచెం లెక్క వేసుకోవాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా అంటే దాదాపు 6000×4000 పిక్సెల్స్. వెడల్పులో సగం, ఎత్తులో సగం ఉంచితే 3000×2000, అంటే 6 మెగాపిక్సెల్సే మిగిలాయి, సగం కాదు పావు! ఇన్‌స్టాలో నిలువు పోస్టుకి 1080×1350 ఉంటే సరిపోతుంది కాబట్టి అక్కడ ఏ ఇబ్బందీ లేదు, 12×8 అంగుళాల ప్రింట్ వేయించినా 250 డీపీఐ (అంగుళానికి 250 చుక్కలు) వస్తుంది, బాగానే ఉంటుంది. వెడల్పు, ఎత్తు రెండూ మూడో వంతుకి కోస్తే మాత్రం 2000×1333, ఇక ప్రింట్ మీద ఆశ పెట్టుకోకండి. పిట్ట మరీ చుక్కంత ఉంటే దాన్ని లాగి లాగి పెద్దది చేసే బదులు చెరువుతో సహా వదిలేయడమే అందం, ఇది నా అభిప్రాయం.

పిట్టని ఫ్రేమ్‌లో ఎక్కడ పెట్టాలి? అది చూస్తున్న వైపు ఖాళీ ఎక్కువ వదలండి, తోక వైపు తక్కువ. మూడు వంతుల గీతలు స్క్రీన్ మీద కనబడతాయి కదా, అవి కలిసే చోట కన్ను పడితే చాలావరకు కుదురుతుంది. కాళ్లు కీళ్ల దగ్గర కోయొద్దు. కేబీఆర్ పార్క్‌లో నెమలిని తీస్తే పింఛం మొత్తం ఉంచండి, లేదంటే తలా మెడా మాత్రమే తీసుకోండి, సగం తోక మాత్రం వద్దు. కొంగ నీడ నీళ్లలో పడితే అది కూడా పూర్తిగా రావాలి. ఆఖర్న నాలుగు అంచులూ ఒకసారి చూసుకోండి, ఎక్కడో మూలన తెల్లటి ప్లాస్టిక్ కవర్ ముక్క ఉంటే కన్ను ముందు దాని మీదికే పోతుంది. అపార్ట్‌మెంట్లు అంటారా, ప్రతిసారీ కోసేయాలని లేదు, హైదరాబాద్ పిట్ట హైదరాబాద్‌లోనే ఉన్నట్టు కనబడితే తప్పేంటి? కాకపోతే అవి పిట్ట తల వెనకాలకి రాకూడదు.

తర్వాత వెలుగు. తెల్ల కొంగ అయితే హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) తగ్గించండి, ఈకల గీతలు బయటికి వస్తాయి, తీసేటప్పుడే పూర్తిగా తెల్లబడిపోయి ఉంటే మాత్రం ఏం చేసినా రావు. నీటికాకి లాంటి నల్ల పిట్టకి షాడోస్ (చీకటి భాగాలు) కొద్దిగా పెంచితే చాలు.

అసలు పని ఇప్పుడే. లైట్‌రూమ్‌లో మాస్కింగ్‌లోకి (ఫోటోలో కొంత భాగాన్నే ఎంచుకుని మార్చే చోటు) వెళ్లి సబ్జెక్ట్ సెలెక్ట్ చేసి, దాన్ని ఇన్వర్ట్ చేయండి, అంటే పిట్ట తప్ప మిగతాదంతా సెలెక్ట్ అయినట్టు. ఎక్స్‌పోజర్ (వెలుగు) మైనస్ 0.3 నుంచి 0.7 దాకా, సాచురేషన్, క్లారిటీ (గీతల స్పష్టత) కొంచెం కొంచెం కిందికి. స్నాప్‌సీడ్‌లో అయితే బ్రష్ తీసుకుని ఎక్స్‌పోజర్ మైనస్ 0.3 పెట్టి వెనకాల రుద్దండి, ఆ తర్వాత సెలెక్టివ్‌తో పిట్ట తల మీద ఒక పాయింట్ పెట్టి, రెండు వేళ్లతో సర్కిల్ చిన్నది చేసి, బ్రైట్‌నెస్ చిటికెడు పెంచండి. విగ్నెట్ (అంచులు చీకటి చేయడం) కావాలంటే దాని సెంటర్ పిట్ట మీదికి జరపండి, ఫోటో మధ్యలో వదిలేయకండి. ప్రతిదాని తర్వాత బాగా జూమ్ చేసి చూడండి, పిట్ట చుట్టూ తెల్లటి అంచు మెరుస్తుంటే అతి చేశారన్నమాట.

ఉదాహరణకి పాలపిట్ట. మన తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా రోజు కనబడితే మంచిదని వెతుక్కుంటాం కూడా. వైరు మీద కూర్చున్నప్పుడు ఛాతీ గోధుమ రంగులో ఉంటుంది, ఆ మెరిసే నీలం రెక్కలు విప్పితేనే బాగా కనబడేది. కూర్చున్న పిట్టకి నీలం పెంచితే బొమ్మలా తయారవుతుంది. దాని బదులు వెనకున్న పొలం పచ్చదనం, పసుపు తగ్గించండి, ఉన్న నీలమే చాలు.

పొద్దున్నే మసక వెలుగులో ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే సెట్టింగ్) 3200 పెట్టి తీస్తే గ్రెయిన్, అంటే ఇసుక రేణువుల్లాంటి చుక్కలు వస్తాయి, ముందు వాటిని తగ్గించి తర్వాతే షార్ప్ చేయండి. షార్ప్‌నెస్ పిట్ట వరకే. లైట్‌రూమ్‌లో షార్పెనింగ్ కింద మాస్కింగ్ స్లైడర్ ఉంటుంది, ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని జరిపితే ఎక్కడెక్కడ షార్ప్ అవుతుందో తెల్లగా కనబడుతుంది, నీళ్లు, ఆకాశం నల్లగా అయ్యేదాకా జరపండి.

అడ్డం వచ్చిన పుల్లలు, వైర్లు హీలింగ్‌తో (మచ్చలు చెరిపే టూల్) తీసేయొచ్చా అంటే, మీ వాట్సాప్ స్టేటస్‌కి అయితే మీ ఇష్టం. పోటీలకి పంపేటట్టయితే ముందు రూల్స్ చదవండి, నేచర్ ఫోటో పోటీల్లో చాలా చోట్ల ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని పెట్టడం ఒప్పుకోరు, రా ఫైల్ కూడా అడుగుతారు.

సేవ్ చేసేటప్పుడు కలర్ సెట్టింగ్ ఎస్‌ఆర్‌జీబీ పెట్టండి, లేకపోతే కొన్ని ఫోన్లలో రంగులు పాలిపోయినట్టు కనబడతాయి. గూడు ఉన్న ఫోటో అయితే పోస్టే చేయకపోవడం మేలు, తప్పదనుకుంటే ఫైల్‌లోంచి జీపీఎస్ లొకేషన్ తీసేయండి, ఎక్కడా అని కామెంట్లలో ఎవరు అడిగినా చెట్టు గుర్తులు చెప్పకండి.