బతికున్న చేపలే మేతగా: ఆస్కార్, అరోవానాలకు వచ్చే సమస్యలు – పరిష్కారాలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఆస్కార్, అరోవానా లాంటి వేటాడే చేపల్ని అక్వేరియంలో పెంచేవాళ్లకు మేతచేపల కొరత లేదు. ఏ చెరువు గట్టున అడిగినా శీలావతి, బొచ్చె పిల్లలు ఇస్తారు. పంటబోదెలో వల వేస్తే పరిగెలు పడతాయి. అక్వేరియంలో వచ్చే జబ్బుల్లో చాలావరకు ఆ మేతచేపలతోనే ఇంటికి వస్తాయి.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు, రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం

ఇది ఇక్ అనే పరాన్నజీవి. హీటర్‌తో నీటి వేడిని ఒకటి రెండు రోజుల్లో మెల్లగా 30 డిగ్రీలకు తీసుకురండి. వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపు ఆపకండి. లీటరుకు 1 నుంచి 2 గ్రాముల కల్లుప్పు కరిగించి, కొంచెం కొంచెంగా కలపండి. చర్మం కింద దాక్కున్న పురుగు ఏ మందుకూ చావదు, నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. అందుకే చుక్కలు పోయాయని వెంటనే ఆపకుండా ఇంకో వారం కొనసాగించాలి.

పలచటి గుండ్రటి మచ్చ, చూస్తుండగానే కదులుతోంది

చేపపేను, అంటే ఆర్గులస్. కార్ప్ (శీలావతి, బొచ్చె లాంటి చేపల) చెరువుల రైతులకు బాగా తెలిసిన బెడద. చేపను తడిగుడ్డలో పట్టుకుని పట్టకారుతో పేను తీసేయండి. అంతటితో పని అయిపోదు. ఇది గుడ్లను అద్దానికీ రాళ్లకూ అంటిస్తుంది. రాళ్లు బయటికి తీసి ఎండలో బాగా ఎండబెట్టాలి, అద్దం గీకాలి. చెరువులో పేనుకి కొట్టే సైపర్‌మెత్రిన్ లాంటి మందు ఇంటి తొట్టిలో పోయకండి. అది ఎకరాల లెక్కన వాడేది, చుక్క ఎక్కువైనా చేప దక్కదు. ఈమధ్యే మందు కొట్టిన చెరువు పిల్లల్ని మేతకు తేవద్దు.

నెలల తరబడి మేత బాగానే తిని, ఇప్పుడు తిండి మానేసింది, పక్కకి ఒరిగి ఈదుతోంది

ఇలా అయినప్పుడు చాలామంది నీళ్లు మార్చి చూస్తారు. నీరు బాగుంటే మేత సంగతి ఆలోచించండి. గోల్డ్‌ఫిష్‌లోనూ, కార్ప్ కుటుంబంలోని చాలా చేపల్లోనూ థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది విటమిన్ బి1ని నాశనం చేస్తుంది. రోజూ అదే మేత పెడితే నరాలు దెబ్బతింటాయి. ఫ్రీజర్‌లో పెడితే పరాన్నజీవులు చాలావరకు చస్తాయి గానీ ఈ ఎంజైమ్ పోదు, ఉడికిస్తేనే పోతుంది. ఆ మేత వెంటనే ఆపి విటమిన్లున్న పెల్లెట్లకు (గుళికల మేతకు) మార్చండి. తొందరగా పట్టుకుంటే చాలా చేపలు కోలుకుంటాయి.

మింగాక నోరు మూయలేకపోతోంది

జెల్ల వేశారేమో చూడండి. దాని ముళ్లు నిక్కబొడుచుకుని బిగుసుకుంటాయి. వెనక్కి లాగితే గొంతు చీరుకుపోతుంది. ముల్లు కనిపిస్తుంటే చిన్న కట్టర్‌తో తుంచి ముక్కలుగా తీయాలి. జెల్లను మేతగా అసలు వేయకూడదు.

నీళ్లు మసకబారాయి, చేపలన్నీ పైకొచ్చి గాలి పీలుస్తున్నాయి

ఒకేసారి ఎక్కువ మేతచేపలు వేశారు. మిగిలినవి, చచ్చినవి తీసేసి మూడోవంతు నీరు మార్చండి. అదే రోజు మళ్లీ మేత వద్దు.

బతికున్న చేప తప్ప ఏదీ ముట్టదు

ఇది అలవాటు, మాన్పించొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఆస్కార్‌కి నాలుగైదు రోజులు తిండి లేకపోయినా ఏమీ కాదు. ఆ తర్వాత ఒలిచిన పచ్చిరొయ్య ముక్కను దారానికి కట్టి నీళ్లలో ఆడించండి. కదులుతుంటే వేటాడుతుంది. అది అలవాటయ్యాక ముక్కలో పెల్లెట్ దూర్చి, మెల్లగా పెల్లెట్ మీదకి తేవాలి. పిల్ల చేపలకు మాత్రం ఇలా పస్తు పెట్టకండి.

అయినా అప్పుడప్పుడు బతికున్న మేత వేయాలనిపిస్తే, పెరట్లో సిమెంటు తొట్టి పెట్టి గప్పీలు, మోలీలు మీరే పెంచుకోవడం మంచిది. బయట కొన్నవి రెండు మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి, జబ్బు లేదని చూశాకే వేయండి. మిగిలిన చేపల్ని కాలువలో వదలొద్దు. అక్వేరియంల నుంచి బయటపడ్డ దెయ్యం చేప (సక్కర్ చేప) ఇప్పటికే మన చెరువుల్లో వలలు చింపుతోంది.