చిన్న బోటుకు బిల్జ్ పంపు బిగించడం ఎలా? ముందు ఔట్‌లెట్ సంగతి చూడండి

ముప్పై అడుగుల లోపు ఫైబర్ బోటుకు బిల్జ్ పంపు (బోటు అడుగున చేరే నీళ్లను బయటికి తోడే పంపు) బిగించడం ఒక పూట పని. అయినా కాకినాడ వైపు నేను చూసిన చాలా బోట్లలో ఔట్‌లెట్, అంటే ఆ నీళ్లు బయటికి పోయే రంధ్రం, తప్పు చోటే ఉంటోంది.

కావలసినవి: 12 వోల్టుల సబ్‌మెర్సిబుల్ (నీళ్లలో మునిగి పనిచేసే) పంపు, ఫ్లోట్ స్విచ్ (నీళ్లు పెరిగితే పంపును తనంతట తానే నడిపే స్విచ్), లోపల నున్నగా ఉండే హోస్, స్టెయిన్‌లెస్ క్లిప్పులు, ఔట్‌లెట్ ఫిట్టింగ్, ఫ్యూజ్, తగరం పూత ఉన్న రాగి వైరు. పంపు 1100 జీపీహెచ్‌కు (గంటకు తోడే గ్యాలన్లు) తగ్గకూడదు. అంటే గంటకు సుమారు 4,160 లీటర్లు. అది డబ్బా మీది లెక్క. మీటరు ఎత్తుకు తోడాల్సి వస్తే బాగా తగ్గుతుంది. నీటిమట్టానికి అడుగు కింద అంగుళం రంధ్రం పడితే గంటకు రెండున్నర వేల లీటర్లకు పైనే లోపలికి వస్తాయి. అందుకే 500 జీపీహెచ్ పంపు చాలంటే నేను ఒప్పుకోను.

నీళ్లు చివరికి చేరే చోట, సాధారణంగా అమరం (బోటు వెనక) వైపు, పంపు పెట్టండి. స్క్రూలు బోటు అడుగులోకి దించొద్దు. చెక్క ముక్కను రెసిన్‌తో అతికించి దానికి బిగించండి. ఫ్లోట్ స్విచ్ పంపు పక్కనే, దానికంటే కాస్త ఎత్తులో ఉండాలి. ఫ్లోట్ స్విచ్‌కు వెళ్లే ఆటోమేటిక్ లైను మెయిన్ స్విచ్ గుండా పోకుండా నేరుగా బ్యాటరీకి వెళ్లాలి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ ఉండాలి. జాయింట్లు తడి తగలని ఎత్తులో వేయండి.

ఇక ఔట్‌లెట్. దీనికి తొందర పనికిరాదు. ఒడ్డున ఖాళీ బోటు చూసి రంధ్రం వేస్తారు. వలలు, ఐసు, డీజిలు, మనుషులు ఎక్కాక అదే రంధ్రం నీళ్లలో మునుగుతుంది. పంపు ఆగగానే హోస్ నిండా ఉన్న నీరు వెనక్కి తిరిగి, సముద్రాన్ని లోపలికి లాక్కొస్తుంది. పంపు మళ్లీ తోడుతుంది, మళ్లీ ఆగుతుంది, చివరికి బ్యాటరీ అయిపోతుంది. రాత్రి లంగరు వేసిన బోటు ఇలాగే తెల్లారేసరికి అంచుల దాకా మునగడం నా కళ్లతో చూశాను. బోటుకు ఎక్కడా చిల్లు లేదు.

కాబట్టి పూర్తి బరువు ఎక్కించి, బోటు ఒక పక్కకు ఒరిగినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో గీత గీయండి. ఆ గీతకు జానెడు పైన రంధ్రం వేయండి. హోస్‌ను దానికంటే ఎత్తుకు తీసుకెళ్లి వంపు తిప్పి దించండి. వంపు ఒక్కటే చాలదు. హోస్ నిండి ఉంటే నీరు వంపు దాటి కూడా వెనక్కి వస్తుంది. వంపులో అన్నిటికంటే ఎత్తైన చోట గాలి లోపలికి వచ్చే వెంట్ ఉండాలి. ఔట్‌లెట్ ఎప్పటికీ మునగదని మీకు నమ్మకం ఉన్నా సరే, వెంట్ పెట్టండి.

దీనికి బదులు చెక్ వాల్వ్ (నీటిని ఒక వైపుకే పోనిచ్చే వాల్వ్) పెట్టమంటారు కొందరు. వద్దు. చేప పొలుసు, వల పోగు ఇరుక్కుంటే అది మూసుకోదు, లేదా తెరుచుకోదు. తోడే శక్తినీ తగ్గిస్తుంది.

పంపు దగ్గర నుంచి వంపు దాకా హోస్ పైకే ఎక్కాలి, మధ్యలో ఎక్కడా వేలాడకూడదు. ప్రతి కొసకూ రెండేసి క్లిప్పులు వేయండి. రెండో పంపు పెడితే దానికి వేరే ఔట్‌లెట్ ఉండాలి.

చివరగా, ఒడ్డు దగ్గర లోతు తక్కువున్న చోట బోటులో నాలుగు బక్కెట్లు పోసి పంపు నడిపించండి. అది నడుస్తుండగానే ఔట్‌లెట్ పక్కకు మనుషులను కూర్చోబెట్టి ఆ రంధ్రాన్ని నీళ్లలో ముంచండి. పంపు ఆపి పది నిమిషాలు లోపలి నీటిమట్టం చూడండి. ఒక్క వేలు పెరిగినా వెంట్ విప్పి మళ్లీ బిగించండి.